దిక్కు తోచడం: టీమ్‌ను నడిపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్లు, మేనేజర్‌గా మొదటి ఏడాది గడుపుతున్నవాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలివి. కొన్ని మీటింగ్‌లోనే అడిగారు. ఎక్కువ భాగం మీటింగ్ అయ్యాక తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగారు. నా జవాబుల్లో కొన్నిటికి పరిశోధనల ఆసరా ఉంది, కొన్నిటికి నేను తిన్న దెబ్బలే ఆసరా.

దిక్కు తోచడం అంటే ఏమిటి? విజన్ లాంటిదేనా?

కాదు. ఎక్కడికి వెళ్లాలో చెప్పేది విజన్. దాన్ని స్లైడ్ మీద రాసి గోడకు తగిలించుకోవచ్చు. ఈ నిమిషాన మనం ఎటు తిరిగి ఉన్నామో తెలియడం వేరే సంగతి. మూడు వారాలుగా అందరూ కష్టపడుతున్నారు, స్టేటస్ రిపోర్టు అంతా పచ్చగానే ఉంది, అయినా ఒకరికి మాత్రం "పక్కకు పోతున్నామేమో" అనిపిస్తుంది. నేను చెప్పేది దాని గురించే. కష్టంలో ఉన్న మనిషి "దిక్కు తోచడం లేదు" అంటాడు కదా, సరిగ్గా దానికి తిరగేసిన స్థితి ఇది.

ఇందులో మాయ ఏమీ లేదు. 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు: తోచడం అంటే గుర్తుపట్టడమే. 1973లో ఆయన, విలియం చేజ్ కలిసి చేసిన చదరంగం ప్రయోగం చూడండి. నిజమైన ఆట మధ్యలో ఉన్న బల్లను 5 సెకన్లు చూపించి తీసేస్తే, మాస్టర్ స్థాయి ఆటగాడు చాలా పావులను మళ్లీ సరైన గళ్లలో పెట్టేశాడు. కొత్తవాడు కొన్నే పెట్టగలిగాడు. అవే పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే మాస్టర్ గొప్పతనం దాదాపు మాయమైంది. అంటే ఆయన జ్ఞాపకశక్తి మనకంటే పెద్దదేమీ కాదు. అలాంటి అమరికలను వేలసార్లు చూసిన కళ్లవి.

ఇది పుట్టుకతో రావాలి కదా?

అక్కర్లేదు. లండన్‌లో బ్లాక్ క్యాబ్ నడపాలంటే నగరం నడిబొడ్డున ఉన్న దాదాపు 25,000 వీధులను కంఠతా పట్టాలి. దానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఎలినార్ మాగ్వైర్ బృందం 2000లో ఆ డ్రైవర్ల మెదళ్లను స్కాన్ చేస్తే, దారులను గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్ వెనుక భాగం మామూలు మనుషులకంటే పెద్దదిగా కనిపించింది. "అలాంటి మెదడు ఉన్నవాళ్లే డ్రైవర్లు అవుతున్నారేమో" అని మీకు అనుమానం రావచ్చు. 2011లో అదే బృందం శిక్షణలో ఉన్నవాళ్లను ముందూ తర్వాతా పరీక్షించింది. పాసైనవాళ్లలో ఆ భాగం పెరిగింది, ఫెయిలైనవాళ్లలో పెరగలేదు. మొదట్లో వాళ్లందరూ ఒకలాగే ఉన్నారు.

నాకు తోచిందాన్ని ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, ఎవరూ ముందు అడగరు.

గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ పరిశోధకుడు అనుభవజ్ఞుల సహజజ్ఞానాన్ని మెచ్చుకునే మనిషి. డేనియల్ కానేమన్ అనే మరో మనస్తత్వ పరిశోధకుడు దాన్ని జీవితమంతా అనుమానించిన మనిషి. ఇద్దరూ కలిసి 2009లో ఒక వ్యాసం రాశారు. పోట్లాడుకుందామని కూర్చుని, చివరికి ఒకే మాటకు వచ్చారు. తోచినది నమ్మదగ్గది కావాలంటే రెండు ఉండాలన్నారు. ఆ పనిలో ఒక క్రమం ఉండాలి, అంటే ఒకే రకం సూచనల తర్వాత ఒకే రకం ఫలితాలు రావాలి. ఆ క్రమాన్ని నేర్చుకునేంత అవకాశం మనకు దొరకాలి, అంటే ఫలితం త్వరగా, స్పష్టంగా మన చెవిన పడాలి.

దీన్ని మన ఆఫీసుకు తెచ్చుకుందాం. ఈ వారం పని శుక్రవారానికి అవుతుందా కాదా అన్నది ప్రతి శుక్రవారం తేలిపోతుంది. ఏడాదికి యాభైసార్లు పాఠం. కాబట్టి అక్కడ మీకు తోచినదానికి విలువ ఉంది. ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడి "ఈ అబ్బాయి బాగుంటాడు" అనుకోవడం వేరు. తీసుకున్నవాళ్లు ఎలా ఉన్నారో ఏడాదికి గానీ తెలియదు, తీసుకోనివాళ్లు ఎలా ఉండేవాళ్లో ఎప్పటికీ తెలియదు. అందుకే అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి మార్కులు వేసే ఇంటర్వ్యూ, కబుర్లతో సాగే ఇంటర్వ్యూ కంటే మెరుగని పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఇక మూడేళ్ల తర్వాత మార్కెట్ ఎటు పోతుందో "నాకు తెలుసు" అనే మనిషి ఎదురైతే టీ తాగి వచ్చేయండి.

మరి తోచినప్పుడు లోపల జరిగేదేమిటి?

క్లైన్ చెప్పిన ఒక అగ్నిమాపక అధికారి ఉదంతం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. ఒక ఇంట్లో, వెనకవైపు వంటగదిలో మంటలు. బృందం హాల్లో నిలబడి గొట్టంతో నీళ్లు కొడుతోంది. ఇలాంటి మంట ఈపాటికి తగ్గాలి. తగ్గి, మళ్లీ ఎగసింది. హాలు ఉండాల్సినదానికంటే వేడిగా ఉంది. పైగా ఇంత వేడి పుట్టించే మంటకు ఉండాల్సిన చప్పుడు లేదు. ఆ అధికారి ఇవేవీ విడివిడిగా ఆలోచించలేదు. ఎందుకో తేడాగా అనిపించింది, అందరినీ బయటికి రమ్మన్నాడు. వాళ్లు వచ్చేసిన కాసేపటికి, అంతవరకు నిలబడిన నేల కూలిపోయింది. అసలు మంట కింద నేలమాళిగలో ఉంది. తనకేదో అతీంద్రియ శక్తి ఉందని ఆ అధికారి చాలాకాలం అనుకున్నాడట.

ఇందులో గమనించాల్సినది ఒకటుంది. నేల కింద మంట ఉందని అతనికి తెలియలేదు. తను అనుకున్నట్టు జరగడం లేదని మాత్రమే తెలిసింది. ఆఫీసులోనూ అంతే. మీకు తోచేది సాధారణంగా జవాబు కాదు, "లెక్క కుదరడం లేదు" అన్న చిన్న ఇబ్బంది. అలా అనిపించాలంటే ముందు మీ దగ్గర ఒక లెక్క ఉండాలి. ఏం జరుగుతుందో ముందుగా ఊహించని మనిషికి ఏది జరిగినా ఆశ్చర్యం కలగదు.

సరే, దీన్ని పెంచుకోవడానికి రోజూ ఏం చేయాలి?

ఒక నోట్‌బుక్ కొనండి. పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు "తోచింది", కుడివైపు "తేలింది" అని రాయండి. నేను చాలా ఏళ్లుగా చేస్తున్నది ఇంతే.

మీటింగ్‌కు వెళ్లే ముందు ఎడమవైపు ఒక వాక్యం రాస్తాను: ఎవరు ఏమంటారు, పని ఏ స్థితిలో ఉండి ఉంటుంది, ఎక్కడ ఇరుక్కుంటాం. బయటికి వచ్చాక, లేదా ఫలితం తేలిన రోజున, కుడివైపు నింపుతాను. రాయకపోతే మన జ్ఞాపకం మనల్ని మోసం చేస్తుంది. ఫలితం తెలిశాక "నేను ముందే అనుకున్నా" అనని మనిషిని నేనింతవరకు చూడలేదు. కాగితం మీద ఉన్నదానితో ఆ ఆట సాగదు.

ఒక పేజీ చూపిస్తాను. పాత ఉద్యోగంలో ఒక టెస్టింగ్ లీడ్ ఉండేది. ఎప్పుడు అడిగినా స్క్రీన్ వైపే చూస్తూ, నంబర్లతో జవాబు చెప్పేది: ఇన్ని అయ్యాయి, ఇన్ని మిగిలాయి, శుక్రవారానికి ఇస్తాం. ఒక మంగళవారం అడిగితే ల్యాప్‌టాప్ మూసి, నా వైపు చూసి, "చూసుకుంటాం సార్" అంది. అంతే. ఎడమవైపు రాసుకున్నాను: "ఇవాళ నంబర్లు చెప్పలేదు. ఏదో ఉంది." రాసి ఊరుకున్నాను. రెండు వారాల తర్వాత కుడివైపు రాసింది ఇది: "టెస్ట్ సర్వర్ తొమ్మిది రోజులు పనిచేయలేదట. ఎవరిని అడగాలో ఆమెకు తెలియలేదు. నేనూ అడగలేదు."

పసిగట్టడం సగం పనే. వెంటనే వెళ్లి "ఇవాళ నంబర్లు చెప్పలేదేంటమ్మా?" అని అడగడం మిగతా సగం.

కొన్ని నెలలు ఇలా రాస్తే మీ గురించి మీకు తెలియని సంగతులు బయటపడతాయి. నా విషయంలో, పని ఆలస్యం గురించి తోచినవి చాలావరకు నిజమయ్యాయి. కొత్త మనుషుల గురించి తోచినవి సగం తప్పు. ముఖ్యంగా బాగా మాట్లాడేవాళ్లకు నేను ఇట్టే పడిపోతానని ఆ నోట్‌బుక్కే చెప్పింది.

వారానికోసారి రివ్యూ పెట్టుకుంటే చాలదా?

1976లో హోకులెయా అనే సంప్రదాయ పడవ హవాయి నుంచి తాహితీకి వెళ్లింది. దారి చూపినవాడు పసిఫిక్ సముద్రంలోని మైక్రొనేషియా దీవులకు చెందిన మావు పియాయ్‌లుగ్. దిక్సూచి లేదు, మ్యాప్ లేదు, ఏ పరికరమూ లేదు. నక్షత్రాలు, అలల తీరు, గాలి, పక్షులు, అంతే. నెలకు పైగా ప్రయాణం. అలాంటి నావికుడి పద్ధతిలో కీలకం ఏమిటంటే, బయల్దేరిన క్షణం నుంచి ఎంత వేగంతో ఎటు వచ్చామన్న లెక్క అతని మనసులో ఎక్కడా తెగకూడదు. అందుకే ప్రయాణంలో అతను నిద్రపోయేది బహు తక్కువ. మధ్యలో రెండు రోజులు వదిలేసి మూడో రోజు "ఇప్పుడు ఎక్కడున్నాం?" అని చూస్తే సముద్రం జవాబు చెప్పదు.

మీరు నిద్ర మానక్కర్లేదు. రోజుకు పది నిమిషాలు పని జరిగేచోట గడపండి. రివ్యూలో మీరు చూసేది వడకట్టిన సమాచారం. ఫైలు తెరిచి చూడండి, కస్టమర్ కాల్ ఒకటి పక్కన కూర్చుని వినండి. పని చెప్పడానికి వెళ్లకండి, చూడ్డానికి వెళ్లండి. మొదటి వారం అందరూ బిగుసుకుపోతారు. తర్వాత అలవాటు పడతారు.

డ్యాష్‌బోర్డులు, డేటా ఉండగా మనసు మాట వినడం ఎందుకు?

ఏది దేనికి పనికొస్తుందో తెలిస్తే గొడవ లేదు. పైలట్ల కష్టం నుంచి ఒకటి నేర్చుకోవచ్చు.

మన లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు ఆ ద్రవం వెనకబడుతుంది, దాన్ని బట్టి మెదడుకు తిరుగుతున్నట్టు తెలుస్తుంది. కానీ విమానం ఒకే వేగంతో నెమ్మదిగా తిరుగుతూ ఉంటే, దాదాపు 20 సెకన్లలో ద్రవం కూడా ఆ వేగాన్ని అందుకుంటుంది. ఇక తిరుగుతున్నట్టే అనిపించదు. మేఘంలో ఉన్న పైలట్ తిన్నగా పోతున్నాననుకుంటాడు. పరికరం చూసి విమానాన్ని సరిచేస్తే, ఇప్పుడు ఎదురు వైపు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది! ఆ అనిపించడాన్ని నమ్మి మళ్లీ పాత వంపులోకి వెళ్లినవాళ్లు చుట్లు తిరుగుతూ నేలను తాకారు. అందుకే మేఘంలో శరీరం ఏం చెప్పినా పరికరాన్నే నమ్మమని శిక్షణ ఇస్తారు.

ఆఫీసులో ఆ నెమ్మది వంపు ఎలా ఉంటుందో చెప్తాను. ప్రతి వారం ఒక రోజు ఆలస్యం. ప్రతి నెలా ఇంకొకరు మీటింగ్‌లో మాట్లాడటం మానేస్తారు. చిన్న చిన్న మినహాయింపులు అలవాటైపోతాయి. రోజూ అక్కడే ఉన్నవాడికి ఇవి తెలియవు, ఎందుకంటే లోపలి ద్రవం కూడా అదే వేగంలో తిరుగుతోంది. ఇలాంటి వాటికి అంకెలే దిక్కు, లేదా ఆరు నెలల సెలవు నుంచి తిరిగొచ్చిన మనిషి. హఠాత్తుగా వచ్చే తేడా ఉంటుంది చూశారూ, ఒక జవాబులో మారిన గొంతు, ఎప్పుడూ వచ్చే ప్రశ్న రాకపోవడం, ఇవి డ్యాష్‌బోర్డుకు ఎక్కవు. వాటికి మీరే పరికరం.

ఇంకొకటి. 2009లో యాన్ సౌమన్ బృందం మనుషులను తెలియని అడవిలో తిన్నగా నడవమంది. సూర్యుడు కనిపించిన రోజు నడిచారు. మబ్బు పట్టిన రోజు గుండ్రంగా తిరిగి, తాము వచ్చిన దారినే దాటారు, ఆ సంగతి కూడా వాళ్లకు తెలియలేదు. కళ్లకు గంతలు కడితే కొన్నిసార్లు 20 మీటర్ల వ్యాసం కూడా లేని చిన్న చుట్లు కొట్టారు. బయట ఒక గురుతు లేకపోతే మనకు తిన్నగా అనిపించేది తిన్నగా ఉండదు. టీమ్‌కు ఆ సూర్యుడు ఎవరంటే, మనం చేసేది వాడే మనిషి. ఆఖరిసారి అలాంటి ఒకరితో నేరుగా ఎప్పుడు మాట్లాడారో గుర్తు తెచ్చుకోండి.

"నాకెందుకో అనిపిస్తోంది" అంటే టీమ్ నవ్వదా?

అలా ఆపేస్తే నవ్వుతుంది, నవ్వాలి కూడా. కార్ల్ వైక్ అనే నిర్వహణ పండితుడు చెప్పిన ఐదు మెట్లు నాకు బాగా పనికొచ్చాయి. మన మాటల్లో ఇలా ఉంటుంది: "పరిస్థితి ఇదనుకుంటున్నాను. మనం ఇది చేద్దాం. ఎందుకంటే ఇదీ. ఫలానాదాని మీద ఒక కన్నేసి ఉంచాలి. ఇప్పుడు చెప్పండి, నేను చూడనిది ఏముంది?"

ఐదోది అడిగాక నోరు మూసుకుని కూర్చోవాలి. నేనైతే మనసులో పది లెక్కపెడతాను. ఏడు దగ్గర ఎవరో ఒకరు మాట్లాడతారు.

నాకు కాదు, టీమ్‌లో ఇంకెవరికో తేడాగా అనిపిస్తే?

అసలు కథ ఇక్కడుంది. 1986 జనవరి 27 రాత్రి, చాలెంజర్ వ్యోమనౌక బూస్టర్ రాకెట్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ఫోన్ కాన్ఫరెన్స్‌లో ప్రయోగం వద్దన్నారు. చలికి రబ్బరు సీళ్లు బిగుసుకుపోతాయని వాళ్ల భయం. ముందు ప్రయోగాల్లో జాడలు కనిపించాయి, కానీ తిరుగులేని లెక్క చేతిలో లేదు. ప్రమాదం అని నిరూపించాల్సిన భారం వాళ్ల మీదే పడింది. వాళ్ల పైవాళ్లు మొదట వద్దనే చెప్పి, తర్వాత మాట మార్చారు. మర్నాడు పొద్దున ప్రయోగించిన 73 సెకన్లకు నౌక ముక్కలైంది, ఏడుగురు చనిపోయారు.

మన పనుల్లో ప్రాణాలు పోకపోవచ్చు. కానీ "ఆధారం చూపించు" అనే మాటతో నేనే ఎన్ని నోళ్లు మూయించానో తలుచుకుంటే సిగ్గేస్తుంది. దాని బదులు "ఏం చూశావు? ఏం ఉంటుందనుకున్నావు?" అని అడగండి. జవాబు అప్పటికప్పుడు రాకపోయినా పర్లేదు, రేపు వస్తుంది.

క్లైన్ దీనికొక పద్ధతి చెప్పాడు, 2007లో రాశాడు. మనవాళ్లు ఎప్పుడో "కీడెంచి మేలెంచు" అన్నారు, అదే ఇది. పని మొదలుపెట్టే ముందు టీమ్‌ను కూర్చోబెట్టి, "ఏడాది గడిచింది, ఈ ప్రాజెక్టు ఘోరంగా ఫెయిలైంది, ఎందుకో రాయండి" అనాలి. "ఫెయిలవుతుందా?" అని అడగకూడదు, ఫెయిలైపోయిందనే చెప్పాలి. ఆ ఒక్క మార్పుతో, అనుమానం బయటపెట్టడం ధిక్కారంలా కాకుండా ఇచ్చిన పనిలా అయిపోతుంది. కాగితం మీద, పేరు లేకుండా రాయించండి. చిన్నవాళ్లతో ముందు చదివించండి.

ఇది తోచడమా, మొండితనమా? ఎలా తెలుస్తుంది?

ఏం జరిగితే మనసు మార్చుకుంటారో చెప్పగలిగితే తోచడం. చెప్పలేకపోతే, తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

భయం వల్ల అనిపించిందో, నిజంగా తోచిందో?

భయం అన్నిచోట్లా ఒకే పాట పాడుతుంది: పోయింది, అంతా పోయింది. తోచినది వేలుపెట్టి ఒకచోట చూపిస్తుంది: ఆ తేదీ, ఆ మనిషి, ఆ జవాబు. ఇంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు. నిద్ర లేనప్పుడు, పైనుంచి అక్షింతలు పడిన రోజున టెన్షన్‌లో తోచినవి కూడా నోట్‌బుక్‌లో రాస్తాను, పక్కన చిన్న చుక్క పెడతాను. చుక్కవి ఎక్కువగా తప్పయ్యాయి.

కొత్త కంపెనీలో చేరాను. పాత చోట నాకు అన్నీ తెలిసేవి, ఇక్కడ ఏమీ తోచడం లేదు.

అడ్డదిడ్డంగా పేర్చిన చదరంగం బల్ల ముందు కూర్చున్న మాస్టర్ మీరు. అది మంచిదే, ఏమీ తోచడం లేదని మీకు తెలుసు. పాత చోటి ఆనవాళ్లను ఇక్కడ అతికించేవాళ్లతోనే ప్రమాదం. పాత చోట మౌనం అంటే కోపం కావచ్చు, ఇక్కడ మౌనం అంటే సరేనని కావచ్చు. మొదటి రెండు నెలలు ఎడమవైపు నింపుతూ పోండి, పెద్ద నిర్ణయాలు వాయిదా వేయగలిగితే వేయండి. చాలాకాలంగా ఉన్న ఒకరిని పట్టుకుని, "ఇక్కడ పని చెడిపోయే ముందు మొదట ఏం కనిపిస్తుంది?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు ఆరు నెలల అనుభవంతో సమానం.

అందరూ ఇంటి నుంచే పనిచేస్తుంటే?

కష్టమే. ముఖం, నడక, ఎవరు ఎవరితో భోజనానికి వెళ్తున్నారు, ఇవన్నీ పోతాయి. మిగిలేది రాసిన మాటలు. వాటి తీరు గమనించండి: రోజూ నాలుగు లైన్లు రాసే మనిషి "ఓకే" అని ఆపేస్తే ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి.

నాకు తోచింది తప్పయింది, టీమ్ మొత్తాన్ని తప్పుదారి పట్టించాను. ఎలా చెప్పాలి?

చిన్నగా, త్వరగా. ఒకసారి ఫలానా సదుపాయం కస్టమర్లు అడుగుతారని నాకు గట్టిగా తోచింది. మూడు నెలలు అందరితో అదే చేయించాను. తీరా బయటపెట్టాక ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. సోమవారం పొద్దున అందరినీ పిలిచి, "ఇది నాకు తోచింది, తప్పు. మీ మూడు నెలలు పోయాయి, సారీ" అన్నాను. ఇంకా ఏదో చెప్పాలని నోటి దాకా వచ్చింది, కారణాలు, పరిస్థితులు. మింగేశాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అందరికంటే చిన్నవాడు, చేరి ఆరు నెలలు కాలేదు, నెమ్మదిగా అన్నాడు: "రెండో వారంలోనే నాకు డౌటొచ్చింది సార్. మీరు అంత నమ్మకంగా చెబుతుంటే ఏమనాలో తెలియలేదు."

ఆ రోజు నుంచి నా నోట్‌బుక్‌లో పేజీకి రెండు గీతలు. మూడో గడి పైన "ఎవరిని అడగలేదు?" అని ఉంటుంది.